కాలికి తగిలిన బాణం

పోయిన ఆదివారం మధ్యాహ్నం సత్తెమ్మ మా ఇంటికి వచ్చింది. వస్తానని ఫోన్ చేయలేదు, ఎవరితోనూ కబురు పెట్టలేదు. తలుపు తీసేసరికి గడప అవతల నిలబడి ఉంది. వెనక పదమూడేళ్ళ పిల్ల, ఆ పిల్ల భుజానికి పొడవాటి నల్లసంచి. మేము ఒకరినొకరు చూసుకుని యాభై ఏళ్ళు దాటింది. ఆమె జుట్టు పూర్తిగా తెల్లబడింది, పైవరసలో రెండు పళ్ళు లేవు, అయినా మొహం కన్నా ముందు భుజాలను చూసి గుర్తుపట్టాను. వెడల్పాటి ఆ భుజాలు మగవాళ్ళకు కూడా అరుదు. "గుర్తువట్టినవా?" అంది. "రా, లోపలికి రా" అన్నాను. ఆమె నాకన్నా ఏడాది పెద్ద. రా అక్కా అనవలసిన మనిషి. చిన్నప్పుడు ఒక్కసారి కూడా అనలేదు. డెబ్బై ఏళ్ళు వచ్చినా నా నోటికి ఆ మాట అలవాటు కాలేదు.

కుర్చీలో కూర్చోమంటే కుర్చీ అంచున కూర్చుంది. ఆ పిల్ల పేరు మమత, కొడుకు కూతురు. కొడుకు గౌలిగూడలో బస్సుల మెకానిక్‌గా పనిచేసి ఇప్పుడు సొంత షెడ్డు పెట్టుకున్నాడట. పిల్ల ఆటల హాస్టల్లో ఉండి చదువుకుంటోంది, నాలుగు నెలలుగా విల్లు పడుతోంది. వచ్చే నెల మొదటి పోటీ. కొత్తగా నేర్చుకునే పిల్లల కోసం నియమాలన్నీ అచ్చువేసి ఒక కాగితం ఇచ్చారట, అవి నోటికి రావాలట. సత్తెమ్మ ఆ కాగితం తీసి నా చేతికిచ్చింది. "కాయిదాలన్నీ గీ మేడంకు ఎర్కే బిడ్డా. నువ్వు అప్పజెప్పు. తప్పువోతే ఆమె చెప్తది" అంది. ఆ గొంతులో ఎత్తిపొడుపు ఏదైనా ఉందా అని వెతికాను. కనిపించలేదు. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. కళ్ళజోడు పెట్టుకున్నాను. 'గీతకు అటొక కాలు, ఇటొక కాలు వేసి నిలబడవలెను' అని ఉంది మొదటి వాక్యం. అది చదవగానే అవిసెనూనె వాసన వచ్చింది. మా ఇంట్లో అవిసెనూనె లేదు.

ఆ వాసన నాంపల్లి ఇంటిది. స్టేషన్ వెనక సందులో ఉండేది మా ఇల్లు. ఇంజన్ల బొగ్గుపొగ రోజంతా పెరట్లోకి వచ్చేది. ఆరేసిన బట్టల మీద నల్లటి నలుసులు పడితే మా పెద్దమ్మ రైల్వే వాళ్ళను తరతరాలకూ కలిపి తిట్టేది. నాన్న కోర్టులో గుమాస్తా. ఇంటి పెత్తనం మాత్రం ఆయన అన్నది, అంటే మా పెద్దబాపుది. పెద్దబాపు ఒక నవాబుగారి దేవిడీలో, అంటే మహలులో, ఆయుధాల గదికి అధికారిగా ఉండేవాడు. నవాబుతో ఒకసారి విలాయతు వెళ్ళి వచ్చాడు. పోలీస్ యాక్షన్ అయింది, జాగీర్లు పోయాయి, నవాబు గుర్రాలను అమ్ముకున్నాడు. పెద్దబాపు నాలుగు విల్లులు, ఒక దుర్భిణి, తోలు అట్ట ఉన్న విలాయతు విలువిద్య కాయిదాల, అంటే నియమాల, పుస్తకం ఒకటి వెంటబెట్టుకుని ఇంటికి వచ్చాడు. వాటితోపాటు అంతవరకూ దేవిడీ నౌకర్ల మీద ఖర్చయిన కోపమంతా కూడా ఇంటికి తెచ్చాడు.

నౌకరీ పోయిన మనిషి పొద్దున లేచి ఏం చెయ్యాలి? ఆయన విల్లులకు నూనె పట్టించేవాడు. ముందు వసారాలో చాప వేసుకుని, మీసానికి రంగు వేసుకుని, కాలరు గుండీ దాకా పెట్టుకుని, నౌకరీకి వెళ్ళే మనిషిలా తయారై కూర్చుని, పాత పంచె పీలికను అవిసెనూనెలో ముంచి విల్లును ఈ కొస నుంచి ఆ కొస దాకా తుడిచేవాడు. తరవాత నారికి మైనం రుద్దేవాడు. అంతసేపూ ఇంట్లో ఎవరూ ఆయనతో మాట్లాడకూడదు. గిన్నె చప్పుడైతే లేచి వచ్చి ఆ గిన్నెను పెరట్లోకి విసిరేవాడు. అలా కొన్ని నెలలు గడిచాక ఆబిడ్స్‌లో నేను చదివే ఆడపిల్లల బడికి వెళ్ళి హెడ్‌మిస్ట్రెస్‌తో మాట్లాడి, బడి వెనక మైదానంలో పిల్లలకు తీరందాజీ, అంటే బాణాలు వేయడం, నేర్పుతానని ఒప్పించి వచ్చాడు. ఆమె వ్యాయామం అనుకుని ఒప్పుకుంది. మొదట పన్నెండుమంది చేరాం. పక్షం రోజుల్లో ఐదుగురు మానేశారు. "పీడ వోయింది" అన్నాడు పెద్దబాపు, చాలా సంతోషంగా.

ఆయన నేర్పిన పద్ధతి చెబితే ఇప్పటి తల్లిదండ్రులు పోలీసులకు ఫోన్ చేస్తారు. ఎండుగడ్డిని లావు తాడులా పేని, చుట్టచుట్టి కుట్టి, పైన ఐదు రంగుల గుడ్డ కట్టిన పెద్ద గుండ్రటి చాప మా గురి. ఆయన దాన్ని నిషానా అనేవాడు. తాడూ సుతిలీ దారమూ బేగంబజారు నుంచి తెప్పించి, తనే కుట్టి, గుడ్డకు తనే రంగులు వేశాడు. నడుమ పసుపుకు తొమ్మిది, ఎరుపుకు ఏడు, నీలానికి ఐదు, నలుపుకు మూడు, తెలుపుకు ఒకటి. రెండు రంగుల మధ్య గీతకు తగిలితే పెద్ద అంకె ఇస్తారు. ఇదంతా మాకు మొదటిరోజే చెప్పాడు, కానీ నెలరోజుల దాకా బాణం ముట్టనివ్వలేదు. ఎడమచేతిలో ఇటుక పట్టుకుని, చెయ్యి చాపి, గీత మీద నిలబడాలి. చెయ్యి వంగితే మోచేతి కింద బరిగె దెబ్బ. తరవాత నారి లాగి వదలడం. నారి తిరిగి వస్తూ ముంజేతి లోపలివైపు కొరడాలా తగులుతుంది. దానికి తోలుపట్టీ కట్టుకోవాలని ఆయన పుస్తకంలోనే ఉంది. "మొదాలు చెయ్యి నేర్చుకోవాలె. పట్టీ కడితే తోలు నేర్చుకుంటది" అనేవాడు. మా ముంజేతులు నేరేడుపండ్ల రంగుకు తిరిగేవి. అమ్మ పసుపు కాచి రాస్తూ నాన్నకేసి చూసేది. నాన్న ఉర్దూ పేపరులో మొహం దాచుకునేవాడు. ఆయన్ను నేను ఇప్పటికీ క్షమించలేదు.

ఆ కాగితంలో ఇప్పుడు ఒక పేరాలో రాసిన ప్రతి నియమమూ మాకు ఒంటి మీద పడింది. ఈల వేసేదాకా బాణం నారికి తొడగకూడదు. తొడిగిన ఒక పిల్లను ఆ రోజంతా మైదానం అంచున గోడకు మొహం పెట్టి నిలబెట్టాడు. చేతిలోంచి జారిన బాణం, గీత మీద కాళ్ళు కదపకుండా వింటికొసతో అందితే వేసినట్టు కాదు, మళ్ళీ వేసుకోవచ్చు. అందడానికని నేను ఒకసారి బొటనవేలు గీత దాటిస్తే దాని మీద బరిగెతో కొట్టాడు, గోరు నల్లబడి ఊడిపోయింది. మొదట అంకెలు పిలిచి రాయాలి, అంతదాకా నిషానానూ అందులోని బాణాలనూ ఎవరూ ముట్టుకోకూడదు.

ఇవన్నీ పుస్తకంలోవి. పుస్తకంలో లేని కాయిదా ఒకటి ఆయన సొంతంగా పెట్టాడు. కాలు పుస్తకానికి తగిలితే కళ్ళకద్దుకుంటాం కదా, బాణమూ అంతే. కాలికి బాణం తగిలితే అక్కడికక్కడే వంగి, రెండు చేతులతో ఎత్తి, కళ్ళకద్దుకుని, మనసులో మూడు లెక్కపెట్టాలి. కళ్ళు గట్టిగా మూసుకోవాలి. "కండ్లు తెర్సుకోని మొక్కెటోడు మొక్కుతలేడు. సూస్తున్నడు" అనేవాడు. ఒకసారి సత్తెమ్మ చూసుకోక బాణం మీదినుంచి దాటింది. వందసార్లు వంగి ఎత్తి అద్దుకోమన్నాడు. లెక్క మమ్మల్నే పెట్టమన్నాడు. అరవై దాటాక ఆమె మోకాళ్ళ మీద పడింది, అలాగే మోకాళ్ళ మీద ఉండి వందా పూర్తి చేసింది. నేను లెక్కపెడుతూ నవ్వాను. అందరికన్నా గట్టిగా నవ్వింది నేనే.

ఇప్పుడు సత్తెమ్మ ఎవరో చెప్పాలి. పెద్దమ్మ చెల్లెలి కూతురు. తల్లి పోయింది, తండ్రి నల్లగొండ వైపు పల్లెలో ఒకరి పొలంలో పనిచేసేవాడు. పెద్దమ్మకు పిల్లలు లేరు, మోకాళ్ళ నొప్పులు మాత్రం ఉన్నాయి. పెంచుకుంటామని చెప్పి పిలిపించారు. పెంచుకున్నారు, ఎట్లా అంటే వంటింట్లో గోనెసంచి మీద పడక, తెల్లవారకముందే బావి దగ్గర పని. మా బావి లోతు. గిరక మీద చేంతాడు కిర్రుకిర్రుమనే చప్పుడుతోనే నాకు రోజూ మెలకువ వచ్చేది. ఇంటిల్లిపాదికీ నీళ్ళు చేది, వాకిలి ఊడ్చి, జొన్నపిండి పిసికి ఆమె మాతోపాటు బడికి బయలుదేరేది. దారంతా విల్లులు మోసేది ఆమే. బడిలో చేర్చింది కూడా నాకు తోడు ఉంటుందనే. ఆమె చదువు బాగానే చదివేది. అది ఎవరికీ అక్కర్లేని సంగతి కాబట్టి ఎవరమూ గమనించలేదు.

ఒకరోజు ఎవరో పిల్ల రాలేదు. జతలు సరిపోక పెద్దబాపు సత్తెమ్మను గీత మీదికి రమ్మన్నాడు. వేళాకోళానికి, మాలో ఎవరూ సగం కూడా లాగలేకపోయిన పెద్ద విల్లు చేతికిచ్చాడు. ఆమె చేంతాడు లాగినట్టు నారిని చెంప దాకా లాగి, కాసేపు అలాగే పట్టుకుని, వదలమంటారా అన్నట్టు ఆయనకేసి చూసింది. పెద్దబాపు చేతిలో బరిగె కింద పెట్టాడు. ఆయన బరిగె వదలడం మేము అప్పుడే మొదటిసారి చూశాం. ఆ క్షణం నుంచి నా కడుపులో మంట మొదలైంది. మంచి పిల్లనని, తెలివైనదాన్నని అందరూ అనే పిల్లను నేను. ఆ మర్నాడే ఆమెకు 'గిరక' అని పేరు పెట్టాను. వారంలో బడి మొత్తం గిరకా గిరకా అని పిలిచింది. ఆమె పలికేది కూడా.

ఆ ఏడు చలికాలంలో పెద్దమ్మ తేల్చి చెప్పింది. "ఎనిమిదోది అయితుంది గద, ఇంగ సాలు. నా మోకాళ్ళు పనిచేస్తలేవు. దినాం బడికి వోతే బాయికాడ ఎవరు చేదాలె?" సత్తెమ్మ పిండి పిసుకుతూ విన్నది. ఈ సంగతి హెడ్‌మిస్ట్రెస్‌కు ఎట్లా తెలిసిందో తెలియదు. కొన్నాళ్ళకు ఆమె మైదానానికి వచ్చి, నాలుగు బడుల పిల్లలతో పోటీ పెడుతున్నామనీ, గెలిచిన అమ్మాయికి కప్పుతోపాటు మెట్రిక్ అయ్యేదాకా బడి హాస్టల్లో చోటిస్తామనీ ప్రకటించింది. ఎవరి కోసం ఆ మాట అన్నదో పెద్దబాపుకూ తెలుసు, మాకూ తెలుసు. అందరి ముందూ ఆయన కాదనలేకపోయాడు. ఇంటికి వచ్చాక పెద్దమ్మ సత్తెమ్మతో అంది, "గెలిస్తే పో. గెలవకపోతే మల్ల బడి మాట ఎత్తకు." సత్తెమ్మ "ఔ" అంది.

మర్నాడు నేను బావి దగ్గర మొహం కడుక్కుంటుంటే ఆమె బొక్కెన పక్కన పెట్టి నా దగ్గరకు వచ్చింది. "హాస్టల్ల ఒక్కొక్కలకు ఒక్కొక్క మంచముంటదట. నిజమేనా?"

"ఉంటది."

"పొద్దుగాల గంట కొట్టేదాక పండుకోవచ్చునట."

"ఏమో."

చేతులు పరికిణీకి తుడుచుకుంటూ మెల్లగా అడిగింది. "నీకు ఇల్లున్నది గద. నువ్వు గెలిచినా హాస్టల్‌కు పోవు గద?"

ఆమె అడగడం లేదు, బతిమాలుతోంది. నాకు అర్థమైంది. అర్థమై, తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ, "గెలిచినంక చూద్దాం" అన్నాను.

పోటీరోజు పొద్దున మైదానంలో నాలుగు నిషానాలు నిలబెట్టారు. సికింద్రాబాద్ నుంచి పదవీ విరమణ చేసిన ఒక మిలిటరీ అధికారి జడ్జిగా వచ్చాడు, పంజాబు వైపు మనిషి. ఒక్కొక్క దఫాకు ఆరు బాణాలు. అందరూ వేశాక మూడు ఈలలు వేస్తారు, నిషానా దగ్గరకు నడిచి వెళ్ళాలి, పరిగెత్తకూడదు. అంకెలు పిలిచి రాసుకున్నాక, బాణాలు పీకి, ప్రతి కంత పక్కనా సుద్దతో చిన్న అడ్డగీత గీయాలి. ఎందుకంటే ఒక్కోసారి బాణం నిషానాకు తగిలి, గుచ్చుకోకుండా ఎగిరి కిందపడుతుంది. అప్పుడు జడ్జి వచ్చి సుద్ద గుర్తు లేని కంత ఎక్కడుందో వెతుకుతాడు. ఆ కంత ఏ రంగులో ఉంటే ఆ అంకె ఇస్తాడు. గుర్తు లేని కంత దొరకకపోతే ఆ బాణానికి సున్నా. మా నిషానా మీద సత్తెమ్మ అంకెలు రాయాలనీ, నేను సుద్ద పెట్టాలనీ పెద్దబాపు పంచాడు.

దఫా దఫాకూ మిగతా పిల్లలు వెనకబడ్డారు. ఆఖరి దఫాలో సత్తెమ్మ ఆఖరి బాణం వేసే సమయానికి నేను ఆమెకన్నా ఐదు ముందున్నాను. నా బాణాలు అయిపోయాయి. ఆమె ఎరుపులో వేసినా గెలుస్తుంది. ఆమె నారి లాగింది, వదిలింది. బాణం వెళ్ళి పసుపు మధ్యలో, కొంచెం ఎడమకు తగిలింది. అక్కడ పొద్దుటినుంచి తగిలి తగిలి గడ్డి నలిగి, వెనక కర్రచట్రం దాకా పలచబడి ఉంది. బాణం ఎగిరి వెనక్కి వచ్చి గడ్డిలో పడింది. జడ్జి అప్పుడు అటువైపు నిషానాకేసి చూస్తున్నాడు. నేను చూశాను. సత్తెమ్మా చూసింది, నాకేసి తిరిగి నవ్వింది. కాయిదా ఆమెకూ తెలుసు, గెలిచానని తెలుసు. ఆమె పళ్ళన్నీ కనబడేలా నవ్వడం ఆ ఇంట్లో అన్నేళ్ళలో నేను చూడలేదు.

మూడు ఈలలు పడ్డాయి. జడ్జి అటు చివరి నిషానా నుంచి మొదలుపెట్టాడు, మాది ఈ చివర. మేమిద్దరం నడిచాం. ఆమె చూపంతా పసుపు మీద ఉంది. నిషానాకు నాలుగడుగుల దూరంలో కిందపడిన తన బాణమే ఆమె కాలికి తగిలింది. అక్కడ ఇంకో పిల్ల ఎవరైనా ఉంటే దాన్ని అలాగే వదిలి ముందుకు నడిచేది. సత్తెమ్మ ఆగింది. వంగింది. రెండు చేతులతో ఎత్తి, కళ్ళు గట్టిగా మూసుకుని, బాణాన్ని కళ్ళకద్దుకుని నిలబడింది. వందసార్లు నేర్పించిన పని కదా. ఆమె పెదవులు కదలడం చూశాను, లెక్కపెట్టుకుంటోంది. నా చేతిలో సుద్దముక్క ఉంది. నా ఎదురుగా పసుపులో కొత్త కంత, అంచున తెల్లటి గడ్డిపీచు బయటికి వచ్చి. చుట్టూ పాత కంతలు, ప్రతిదాని పక్కనా నా సుద్దగీతే.

గీశాను. మూడు లెక్కపెట్టేలోపే అయిపోయింది. చెయ్యి జారిందనో, తెలియక చేశాననో, చిన్నపిల్లననో చెప్పుకోవచ్చు. అబద్ధం. నేను ఆలోచించే గీశాను. పీచు బయటికి కనబడకుండా వేలితో లోపలికి నొక్కాను కూడా.

జడ్జి వచ్చాడు. సత్తెమ్మ తనకు వచ్చిన హిందుస్తానీలో, బాణం పసుపులో తగిలి ఎగిరిపడిందని చెప్పింది. ఎక్కడ పడింది అని ఆయన అడిగాడు. అది ఆమె చేతిలో ఉంది. ఎందుకు ఎత్తావు అని అడిగాడు. "కాలు తగిలింది సాబ్" అంది. ఆయనకు అర్థం కాలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని, పసుపు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క కంతా చూశాడు. మంచి మనిషి, తొందరపడలేదు. తెలుపు దాకా చూసి, మళ్ళీ పసుపుకు వచ్చాడు. తరవాత నావైపు తిరిగి, నువ్వు చూశావా అని అడిగాడు. నేను చూడలేదన్నాను. సత్తెమ్మ నిషానాకు మొహం దగ్గరగా పెట్టి వెతుకుతోంది. వేలితో తడిమితే ఆ కంత దొరికేదే, పీచు తాజాగా ఉంది. కానీ జడ్జి ఒప్పుకునేదాకా నిషానాను ముట్టుకోకూడదని కాయిదా. ఆమె రెండు చేతులూ వెనక్కి కట్టుకుని కళ్ళతోనే వెతికింది. ఆయన సున్నా అని పిలిచాడు. అంకెల కాగితం ఆమె దగ్గరే ఉంది కాబట్టి, ఆ సున్నా కూడా ఆమే రాసుకుంది.

నాకు కప్పు ఇచ్చారు. హెడ్‌మిస్ట్రెస్ నన్ను పక్కకు పిలిచి, హాస్టల్‌కు ఎప్పుడొస్తావని అడిగింది. నాకు ఇల్లుంది టీచర్ అన్నాను. అయితే ఆ చోటు రెండో అమ్మాయికి ఇద్దామా అని పెద్దబాపును అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. "గెలిచినోళ్ళకని చెప్పిన్రు. కాయిదా కాయిదానే." ఆమె నన్ను ఒకసారి పైనుంచి కింద దాకా చూసి వెళ్ళిపోయింది. ఆ తరవాత బడిలో ఉన్నన్నాళ్ళూ నన్ను పేరుపెట్టి పిలవలేదు.

ఆబిడ్స్ నుంచి నాంపల్లికి నడిచి వస్తున్నాం. ముందు పెద్దబాపు, మెడలో దుర్భిణి. ఆయన పక్కన నేను కప్పు పట్టుకుని. రెండడుగుల వెనక సత్తెమ్మ, నాలుగు విల్లులూ మోస్తూ. రైలుగేటు దగ్గర ఆగినప్పుడు పెద్దబాపు నాకేసి చూడకుండానే అన్నాడు, "ఇంటికి వోంగనే చెయ్యి కడుక్కో. సుద్దున్నది." గీత దగ్గరే నిలబడి దుర్భిణిలోంచి అంతా చూశాడు. వేలెడు గీత దాటితే గోరు ఊడగొట్టిన మనిషి, ఇంత పనికి చెయ్యి కడుక్కోమన్నాడు. బావి దగ్గర చేదే మనిషి పోకుండా ఉండడం ఆయనకూ కావాలి. సుద్ద నా చేతికి ఇచ్చినప్పుడే నా సంగతి ఆయనకు తెలుసేమో. నా వెనక విల్లులు ఒకదానికొకటి తగిలిన చప్పుడైంది. నేను తిరిగి చూడలేదు.

మర్నాడు గిరక చప్పుడుకు మామూలుగానే మెలకువ వచ్చింది. సత్తెమ్మ బడికి రాలేదు. ఆ తరవాత నాలుగేళ్ళు మా ఇంట్లో ఉంది. నా జడ వేసింది, నా బట్టలు ఉతికింది. పెద్దబాపుకు పక్షవాతం వచ్చి మంచాన పడితే ఆయన మలమూత్రాలు ఎత్తింది. ఆ పోటీ మాట ఆమె ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఆయన పోయాక తండ్రి వచ్చి తీసుకెళ్ళి పెళ్ళి చేశాడు. నేను కాలేజీలో చదివి, కాలేజీలోనే పాఠాలు చెప్పి, న్యాయం గురించీ ధర్మం గురించీ ఆడపిల్లల చదువు గురించీ వ్యాసాలు రాశాను. సన్మానాలు కూడా చేశారు.

మమత నియమాలు అప్పజెబుతోంది. తడుముకోవడం లేదు. ఆ పిల్ల ముంజేతులు చూశాను, ఒక్క మచ్చ లేదు. నల్లటి పట్టీ ఉంది, వేళ్ళకు తోలు ఉంది, ఛాతీకి కవచం ఉంది. కోచ్ కొడతాడా అని అడిగితే, వింత ప్రశ్న విన్నట్టు నవ్వింది. ఈ వయసువాళ్ళం ఇలాంటప్పుడు, మా కాలంలో దెబ్బలు తిన్నాం కాబట్టే గట్టిపడ్డాం అంటుంటాం. నేనూ చాలాసార్లు అన్నాను. అది నిజం కాదు. దెబ్బలు తిని సత్తెమ్మ భయభక్తులు నేర్చుకుంది, నేను ఇంకొకరిని కొట్టడం నేర్చుకున్నాను.

"బాణం తగిలి ఎగిరి కిందపడితే, వేసినవాళ్ళు చెయ్యెత్తాలి. జడ్జి ముందు తనొక్కడే పోయి కంత చూసి గుర్తు పెడతాడు. అప్పటిదాకా ఆటగాళ్ళు ఎవరూ టార్గెట్ దగ్గరికి పోవద్దు" అంది మమత. "కరెక్టేనా మేడం?"

కాగితం చూసి కరెక్టే అన్నాను.

"మంచి కాయిదా" అంది సత్తెమ్మ. "మా అప్పుడు లేకుండె."

నేను టీ పెడతానని లేచాను. చెప్పవలసిన మాట మూడుసార్లు గొంతు దాకా వచ్చింది. మొదటిసారి చక్కెర ఎంత వెయ్యాలి అని అడిగాను. రెండోసారి కొడుకు షెడ్డు గురించి అడిగాను. మూడోసారి కడిగిన గ్లాసులే మళ్ళీ కడిగాను. టీ తీసుకుని వచ్చేసరికి ఆమె పుస్తకాల అలమర దగ్గర నిలబడి ఉంది. అక్కడ ఆ కప్పు ఉంది, పిన్నీసులూ పాత గుండీలూ వేసి ఉంచుతాను. "గిదేనా?" అంది. అవునన్నాను. అరచేతిలో పెట్టుకుని చూసింది. "అప్పుడు ఇంకా పెద్దగ కనవడుతుండె" అని, ఎక్కడిది అక్కడే పెట్టేసింది.

వెళ్ళేముందు మమత సంచి విప్పి విల్లూ బాణాలూ చూపించింది. ఇప్పటి బాణాలు తేలిక, పెన్సిలు కన్నా సన్నం. మళ్ళీ సర్దుతుంటే ఒకటి జారి గచ్చు మీద దొర్లుకుంటూ గుమ్మం దాకా వెళ్ళింది. చెప్పులు వేసుకోబోతున్న సత్తెమ్మ పాదానికి తగిలింది. మమత తీస్తానని వస్తుంటే ఆమె వద్దని చెయ్యి అడ్డం పెట్టింది. తలుపు పట్టుకుని, మోకాళ్ళు చప్పుడు చేస్తుంటే, మెల్లగా వంగింది. రెండు చేతులతో బాణం ఎత్తి కళ్ళకద్దుకుంది. "నానమ్మ ఎప్పుడూ గిట్లనే చేస్తది మేడం. ఎంతసేపు మూసుకుంటదో కండ్లు" అని నవ్వింది మమత, సంచి ముడి వేసుకుంటూ.

పిల్ల ఇటు చూడటం లేదు. నేను చూస్తున్నాను. బాణం నుదుటికి ఆనించి ఉంది, పెదవులు కదులుతున్నాయి, ఒకటి, రెండు, మూడు. కళ్ళు మాత్రం మూసుకోలేదు. రెండు కళ్ళూ తెరిచి నా చేతులకేసి చూస్తోంది. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను.